రకమా, తేదీయా? సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి వరి రకాల పోలిక

యాసంగి కోతలు ముగిసేసరికి నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది నిడమనూరు, త్రిపురారం, హాలియా ప్రాంతాల్లో ఎక్కడ నలుగురు కలిసినా మాట ఒకదాని మీదికే వస్తుంది: ఎవరి చేను ఎకరాకు ఎన్ని బస్తాలు దిగింది? ఆ లెక్క విని వచ్చే ఏడాది విత్తనం నిర్ణయిస్తారు. పక్క చేను చూసి నేర్చుకోవడం మంచి అలవాటే. అయితే పక్క చేను ముందు నాటి ఉండవచ్చు. అంతకు ముందు ఏడాది అందులో పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ వేసి కలియదున్ని ఉండవచ్చు. తూముకు దగ్గరగా ఉండవచ్చు. ఆ బస్తాల్లో రకం వాటా ఎంతో, తేదీ వాటా ఎంతో, మడి వాటా ఎంతో విడదీయకుండా విత్తనం మారిస్తే రైతుకు కొత్త సంచి ఖర్చు మిగులుతుంది, సమాధానం దొరకదు.

గత యాసంగిలో ఎడమ కాలువ ఆయకట్టులోని ఒక రైతు బృందంతో కలిసి ఐదు వరి రకాలను ఒకే పొలంలో పోల్చి చూశాం. దాని పూర్తి వివరం ఇది. పోల్చిన తీరు గురించే ఎక్కువ రాస్తున్నాను. ఏ రకం గెలిచిందన్నది ఆ ఒక్క ఏడాది, ఆ ఒక్క నేల సంగతి. పోల్చే తీరు ఏ రైతుకైనా, ఏ ఏడాదైనా పనికొస్తుంది.

బృందంలో ఇద్దరు అన్నదమ్ముల మధ్య వచ్చిన వాదన దీనికి కారణం. పెద్దాయనది కాటన్‌దొర సన్నాలు, తమ్ముడిది జగిత్యాల రకం. "సార్, వాడికి నాకంటే ఆరు బస్తాలు ఎక్కువ వచ్చాయి. మా రెండు చేలకూ మధ్య ఒక గట్టే కదా అడ్డం! ఇంకా పరీక్ష ఎందుకు? అందరం అదే వేద్దాం" అన్నారు పెద్దాయన. ఎప్పుడు నాట్లు వేశారని అడిగితే తెలిసింది, తమ్ముడి నాట్లు రెండు వారాల పైన ముందే పడ్డాయి. గట్టు ఒకటే అయినా వాళ్లిద్దరి పంటలు ఒకే ఎండను చూడలేదు.

ఏ రకాలు, ఎందుకు

పోలికకు ఆధారంగా, అంటే చెక్‌గా, ఎం.టి.యు. 1010 ను తీసుకున్నాం. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 2000 లో విడుదలైన ఈ కాటన్‌దొర సన్నాలు ఇక్కడ ఎవరికీ పరిచయం అక్కర్లేని రకం. కృష్ణవేణి, ఐ.ఆర్. 64 ల సంకరం. పేరులో సన్నాలు ఉన్నా గింజ పొడవుగా ఉంటుంది, మార్కెట్‌లో దొడ్డు కిందే లెక్క. దానికి తోడు కూనారం కేంద్రం రకం కె.ఎన్.ఎం. 118, జగిత్యాల రకం జె.జి.ఎల్. 24423, తెలంగాణ సోనాగా పేరుపడిన ఆర్.ఎన్.ఆర్. 15048 తీసుకున్నాం. ఐదోది తెల్లహంస. పాత రకమే, అగ్గితెగులుకు లొంగుతుంది. కానీ నారుమడిలో చలిని తట్టుకోవడంలో దానికి పేరుంది. చలి విషయంలో కొత్త రకాలు ఎక్కడ నిలుస్తాయో తెలియాలంటే అది పక్కన ఉండాలి.

సాంబ మసూరి, అదే బి.పి.టి. 5204, కూడా పెట్టమని ఒకరిద్దరు పట్టుబట్టారు. ఒప్పుకోలేదు. అది దాదాపు 150 రోజుల పంట. డిసెంబరులో నారు పోస్తే ఏప్రిల్ ఎండల్లో పూతకు వస్తుంది. దానికి తగని కాలంలో వేసి తక్కువ పండిందని రాయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

చెక్ ఎందుకు అని అడిగేవారుంటారు. వసంత గోధుమ రకాలను దేశదేశాల నీటి వసతి పొలాల్లో పరీక్షించే అంతర్జాతీయ ప్రయోగాల్లో 1960వ దశకం నుంచీ ఒక పద్ధతి ఉంది: బయటి నుంచి వచ్చిన రకాల మధ్య ఆ ఊరి రైతులు అప్పటికే పండిస్తున్న రకానికి కూడా ఒక మడి ఇస్తారు. రాజేంద్రనగర్ కేంద్రంగా 1965 లో మొదలైన అఖిల భారత సమన్వయ వరి పథకంలోనూ చెక్ రకాలు లేకుండా ప్రయోగం ఉండదు. కొత్త రకం ఎన్ని క్వింటాళ్లు పండిందన్నది సగం వార్తే. అదే నేలలో, అదే నీటితో పాత రకం ఎంత పండిందో తెలిసినప్పుడే దానికి అర్థం వస్తుంది.

నారుమడిలోనే మొదలయ్యే తేడా

రకాల పోలిక నాట్ల రోజున మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అప్పటికే సగం నిర్ణయం అయిపోయి ఉంటుంది.

ఆర్.ఎన్.ఆర్. 15048 గింజ చాలా సన్నం. ఎం.టి.యు. 1010 తో పోలిస్తే కిలో విత్తనంలో గింజల సంఖ్య ఎంతో ఎక్కువ. రెండింటినీ ఒకే కొలత నారుమడిలో ఒకే తూకం చల్లితే సన్న రకం ఒత్తుగా మొలిచి, వెలుతురు చాలక, సన్నగా పొడవుగా సాగిపోతుంది. ఆ నారును నాటి, పిలకలు తక్కువ పెట్టిందని రకాన్ని నిందించడం అన్యాయం. అందుకే ప్రతి రకంలోనూ వెయ్యి గింజలు లెక్కపెట్టి తూచి, మొలక శాతం చూసి, చదరపు మీటరుకు సమాన సంఖ్యలో మొలకలు వచ్చేలా విత్తనం తూకం నిర్ణయించాం. ఆ పని చూసిన ఒక రైతు అక్కడికక్కడే తన ఇంట్లో ఉన్న సన్న విత్తనానికి లెక్క వేయించుకుని, అనుకున్నదాంట్లో కొంత పక్కవాళ్లకు ఇచ్చేశారు.

నారు రెండు తేదీల్లో పోశాం: నవంబరు చివరి వారంలో ఒకసారి, డిసెంబరు 20 దాటాక మరోసారి. మొదటిది మేము సిఫారసు చేసేది. రెండోది కాలువ నీటి కోసం ఎదురుచూసి రైతులు నిజంగా పోసేది. ఈ రెండో తేదీ లేకపోతే ప్రయోగం కాగితం మీద బాగుంటుంది, ఊళ్లో ఎవరికీ అక్కరకు రాదు.

చలి రెండు నారుమళ్లలోనూ కనిపించింది, రెండోదాన్లో మరీ. ఎం.టి.యు. 1010 ఆకులు పసుపు పచ్చబడి, కొనలు ఎర్రబారి, ఎదుగుదల ఆగింది. తెల్లహంస పచ్చగా ఉంది. జగిత్యాల రకం దానికి దగ్గరగా నిలిచింది. సాయంత్రం నీళ్లు తీసేసి ఉదయం కొత్త నీరు పెట్టడం, రాత్రి పాలిథిన్ కప్పడం, లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి పిచికారీ చేయడం, అన్నీ అన్ని రకాలకూ ఒకేలా చేశాం. పాలిపోయిన దానికే మందు కొట్టాలని చూసేవారికి మనసు లాగుతుంది. ఒక రకానికి చేసి మరోదానికి చేయకపోతే మాత్రం మనం పోల్చేది రకాలను కాదు, మన సేవలను.

మడుల అమరిక

ఎనిమిది గుంటల జాగా సరిపోయింది. ఐదు రకాలు, రెండు తేదీలు, మూడు పునరావృతాలు (అంటే అదే వరుసను మూడు చోట్ల మళ్లీ వేయడం), మొత్తం 30 మడులు. ఒక్కొక్కటి 5 మీటర్లు, 4 మీటర్లు. ప్రతి పునరావృతంలో తేదీకి ఒక పెద్ద మడి, అందులో రకాలకు చిన్న మడులు. దీన్ని స్ప్లిట్ ప్లాట్ అంటారు. తేదీలు వేరైనప్పుడు దమ్ము, నీటి తడులు వేరుగా చేయాలి కాబట్టి ఇది తప్ప మరో అమరిక ఆచరణలో కుదరదు.

నీరు వచ్చే తూము పడమర గట్టున ఉంది. తూము దగ్గర మడులకు నీరు ముందు అందుతుంది, ఒండ్రు అక్కడే పేరుకుంటుంది, చలి రోజుల్లో చల్లని నీరు మొదట తగిలేదీ వాటికే. చివరి మడులకు వారబందీ రోజుల్లో, అంటే కాలువ నీరు వంతులవారీగా ఇచ్చే రోజుల్లో, నీరు ఆలస్యం. అందుకని పునరావృతాలను నీటి వాలుకు అడ్డంగా విడగొట్టాం: తూము దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి. మూడింటిలోనూ ఐదు రకాలూ ఉంటాయి. ఏ రకం ఏ మడిలో అన్నది చీటీలు తీసి నిర్ణయించాం. పెద్దాయన తన రకానికి మొదటి పునరావృతంలో చివరి మడి వచ్చిందని నొచ్చుకున్నారు. రెండోదాన్లో అది మొదటి మడికి వచ్చాక చీటీల సంగతి ఆయనే మిగతావాళ్లకు వివరించడం మొదలుపెట్టారు.

ఎరువులు ఎకరాకు నత్రజని 48, భాస్వరం 24, పొటాష్ 16 కిలోల లెక్కన. నత్రజని మూడు దఫాలుగా ఇచ్చాం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మూడో దఫా చిరుపొట్ట దశలో వేయాలి, ఆ దశ అన్ని రకాల్లో ఒకే రోజున రాదు. అందరికీ ఒకే రోజు యూరియా చల్లితే కొన్నింటికి ముందవుతుంది, కొన్నింటికి ఆలస్యమవుతుంది. పిలకను చీల్చి లోపల చిన్న కంకి కనబడిందో లేదో చూసి, రకానికో రోజు చొప్పున వేశాం. సమానంగా చూడటం అంటే ఒకే రోజు చేయడం కాదు, ఒకే దశలో చేయడం.

నాట్లు కుదురుకు కుదురుకు మధ్య 15 సెంటీమీటర్లు, తాళ్లు పట్టి వేయించాం. అంటే చదరపు మీటరుకు 44 కుదుళ్లు. నాటే అమ్మలకు తాడు పద్ధతి విసుగే. అయినా కుదుళ్ల సంఖ్య సమానంగా లేకపోతే తర్వాత ఎన్ని లెక్కలు వేసినా వృథా అని చెబితే ఓపికగా వేశారు.

పూత వేళ

ఈ ప్రయోగం మొత్తంలో నాకు ముఖ్యమైన పుస్తకం పూత తేదీల నోటుబుక్కు. ప్రతి మడిలో సగం కంకులు బయటికి వచ్చిన రోజును రాశాం.

వరి పూలు పొద్దున తొమ్మిది, పదకొండు గంటల మధ్య ఎక్కువగా విచ్చుకుంటాయి. ఆ సమయంలో ఎండ 35 డిగ్రీలు దాటి గంట పైన నిలిస్తే పుప్పొడి దెబ్బతిని గింజ కట్టదు, తాలుగా మిగిలిపోతుంది. మార్చి మధ్యలో నల్లగొండలో మధ్యాహ్నం ఎండ మండినా ఉదయం పది గంటలకు పరవాలేదు, పువ్వు తప్పించుకుంటుంది. ఏప్రిల్ మొదటి వారానికి ఆ వెసులుబాటు పోతుంది. నవంబరు చివర పోసిన నారు, చలి వల్ల కొన్ని రోజులు సాగినా, మార్చి రెండో వారం అటూ ఇటూ పూతకు వచ్చింది. డిసెంబరు 20 తర్వాత పోసింది మార్చి చివర, ఏప్రిల్ మొదట పూసింది.

రెండో తేదీ మడుల్లో రకాల మధ్య నాలుగైదు రోజుల పూత తేడా కూడా పెద్ద తేడా అయింది. ముందు పూసినవి కొంత బయటపడ్డాయి, వెనక పూసినవి ఎక్కువ తాలు పోయాయి. ఇది రకానికి ఎండను తట్టుకునే శక్తి ఉండటమా, ఎండ రాకముందే పూయడమా? ఈ ప్రయోగం వరకు రెండోదే కనబడింది. మొదటి తేదీలో అవే రకాల మధ్య తాలు శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకే తేదీన ప్రయోగం చేసి ఉంటే ఫలానా రకం ఎండకు ఆగుతుందని రాసేసేవాళ్లం.

చీడపీడల్లో రెండే ప్రస్తావించదగ్గవి. ఫిబ్రవరి మంచుకు తెల్లహంసలో అగ్గితెగులు ఆకుమచ్చగా మొదలై, కంకి దశలో మెడవిరుపుగా దిగుబడిని తినేసింది. రెండో తేదీ మడుల్లో కాండం తొలిచే పురుగు వల్ల తెల్ల కంకులు అన్ని రకాల్లోనూ కనిపించాయి.

కోత, తూకం, తేమ

కోతలు రకానికో రోజు జరిగాయి. అన్నీ ఒకేసారి కోద్దామని కూలీల సౌకర్యం కోసం ఒత్తిడి వచ్చింది. కుదరదన్నాను. ముందు పండిన రకం ఎదురుచూస్తూ ఎండుతుంది, రాలుతుంది, పగులుతుంది.

మడి అంచున నాలుగు వైపులా రెండేసి వరుసలు వదిలి లోపలి భాగాన్నే కొడవలితో కోశాం. అంచు కుదుళ్లకు గాలి, వెలుతురు ఎక్కువ అందుతాయి, వాటి కంకి ఎప్పుడూ బరువే. అంచు వదిలితే మిగిలేది దాదాపు 15 చదరపు మీటర్లు. అంత చిన్న జాగాలో ఒక కిలో తేడా వస్తే ఎకరాకు 270 కిలోలు, అంటే 75 కిలోల బస్తాలు మూడున్నర. కాబట్టి తూకం దగ్గర నిర్లక్ష్యం పనికిరాదు.

అంతకంటే పెద్ద మోసం తేమలో ఉంటుంది. మడి నుంచి 9 కిలోల ధాన్యం వచ్చి, తేమ 22 శాతం ఉందనుకుందాం. 14 శాతం తేమకు సరిచేస్తే అది 8.16 కిలోలే. ఆ తేడా ఎకరాకు 226 కిలోలు, పూర్తిగా మూడు బస్తాలు. అన్నదమ్ముల మధ్య ఆరు బస్తాల తేడా అన్నప్పుడు ఒకరు హార్వెస్టర్ దిగగానే పచ్చి ధాన్యం తూచారు, మరొకరు రెండు రోజులు ఆరబెట్టి తూచారు. ఆ ముక్క చెప్పగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తేమ కొలిచే మీటరు కొనుగోలు కేంద్రాల్లో ఉంటుంది. బస్తాల గొప్పలు చెప్పుకునే ముందు అక్కడ ఒక పిడికెడు ధాన్యం చూపించుకోవడానికి ఖర్చేమీ లేదు.

ఏం తేలింది

మొదటి తేదీలో జె.జి.ఎల్. 24423 పైన ఉంది, దాని వెనకే కె.ఎన్.ఎం. 118, ఆపైన ఎం.టి.యు. 1010. కానీ ఈ మూడింటి మధ్య తేడా క్రిటికల్ డిఫరెన్స్‌కు లోపలే ఉంది. అంటే ఒకే రకాన్ని మూడు చోట్ల వేస్తే మడికీ మడికీ మధ్య వచ్చే ఎచ్చుతగ్గులను దాటి రకం వల్లే వచ్చిందని చెప్పగలిగినంత తేడా అది కాదు. ఆ మూడూ ఆ నేలలో సమానమే అని రాయాలి, అలాగే రాశాం. ఆర్.ఎన్.ఆర్. 15048 బరువులో వాటికంటే స్పష్టంగా తక్కువ. తెల్లహంస అందరికంటే వెనక.

రెండో తేదీలో అన్నీ తగ్గాయి. దొడ్డు రకాల మూడింటి మధ్య ఉన్న తేడా కంటే, ఏ ఒక్క రకమైనా తేదీ మారడం వల్ల పోగొట్టుకున్నది ఎక్కువ. ఈ వాక్యాన్ని రైతు బృందం సమావేశంలో బోర్డు మీద రాశాను. రకం మార్చడానికి సంచికి డబ్బు పెట్టాలి. నారు మూడు వారాలు ముందు పోయడానికి నలుగురు కలిసి ఒక బోరు కింద ఉమ్మడి నారుమడి వేసుకుంటే చాలు.

మిల్లు దగ్గర

యాసంగి వడ్ల కష్టం అసలు మిల్లులో బయటపడుతుంది. ప్రభుత్వ లెక్కలో క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వాలి. పచ్చి బియ్యంలో నూక 25 శాతం దాటకూడదు. యాసంగి ధాన్యం పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువ వస్తుంది కాబట్టే మిర్యాలగూడ మిల్లులు ఉప్పుడు బియ్యం వైపు మొగ్గుతాయి. 2021-22 లో ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం చెప్పినప్పుడు యాసంగి వరే వేయవద్దన్న దాకా వెళ్లింది.

ప్రతి మడి నుంచి నమూనా తీసి, నీడలో ఆరబెట్టి, చిన్న మిల్లులో ఆడించి నిండు గింజ, అంటే విరగని బియ్యం, శాతం చూశాం. అంతకంటే ముందు పొలంలోనే రైతులతో ఒక పరీక్ష చేయించాను. గింజల పొట్టు చేత్తో తీసి, గాజు పలక మీద పరిచి, కింద నుంచి ఫోను టార్చి వెలుగు వేశాం. పగిలిన గింజలో అడ్డంగా సన్నటి చీకటి గీత కనబడుతుంది. 20 నుంచి 22 శాతం తేమలో కోసిన గింజల్లో ఆ గీతలు అక్కడక్కడే ఉన్నాయి. వారం ఆలస్యంగా, కావాలనే వదిలి కోసిన అదే మడి గింజల్లో సగానికి పైగా గీతలే. పగలు ఎండకు ఎండి, రాత్రి చల్లదనానికి తేమ పీల్చుకుని, గింజ చేను మీదే చీలిపోతుంది. తర్వాత ఏ మిల్లూ దాన్ని అతికించలేదు.

రైతు ఎందుకు ఆలస్యం చేస్తాడో నాకు తెలుసు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తూకం వేయరు. ఆరబెట్టే కల్లం లేదు, రోడ్డు మీద పోస్తే గాలివాన భయం. అందుకే చేను మీదే ఎండనిస్తాడు. తప్పు రైతుది కాదు. ఊరికో ఆరబెట్టే యంత్రం ఉంటే ఈ నూకలో చాలా భాగం తగ్గుతుంది.

రకాల్లో ఆర్.ఎన్.ఆర్. 15048 ఇక్కడ ముందుకు వచ్చింది. బరువులో తగ్గినా, రెండు తేదీల్లోనూ నిండు గింజ దాన్లోనే ఎక్కువ. ధర లెక్క కూడా చూడాలి. 2024-25 లో ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. ఆ ధరకు 24 క్వింటాళ్ల దొడ్డు ధాన్యం 55,680 రూపాయలు. 2024 వానాకాలంలో మొదలైన 500 రూపాయల సన్నాల బోనస్ అందితే, అదే సొమ్ముకు సన్న రకం 19.74 క్వింటాళ్లు పండితే చాలు. అంటే ఎకరాకు నాలుగు క్వింటాళ్లు తగ్గినా రైతు నష్టపోడు. మా మొదటి తేదీ మడుల్లో తగ్గుదల అంతకంటే తక్కువే. రెండో తేదీలో మాత్రం ఆ హద్దు దగ్గరికి వచ్చింది. సన్నం వేయాలనుకునేవారు నారు ఆలస్యం చేయవద్దని గట్టిగా చెప్పింది ఇందుకే.

బృందం సమావేశంలో అన్నదమ్ములిద్దరూ వచ్చే యాసంగికి తమ తమ రకాలే ఉంచుకుంటామన్నారు. నారు మాత్రం తమ్ముడి బోరు కింద, నవంబరు చివరి వారంలో ఒకేసారి పోస్తామని ఒప్పుకున్నారు. మరో నలుగురు రెండెకరాల చొప్పున సన్నం వేస్తామని పేర్లు రాయించారు. అదే ఎనిమిది గుంటల్లో తెల్లహంస తీసేసి, దాని స్థానంలో మరో సన్న రకం పెట్టి, చీటీలు కొత్తగా తీసి, మళ్లీ రెండు తేదీల్లో వేస్తున్నాం. ఒక ఏడాది ఎండను బట్టి పదేళ్ల విత్తనం నిర్ణయించలేం.